మెట్టు దిగే బేరం

కర్నూలు పాతబస్తీలో బట్టల అంగళ్ల వీధిలో పుట్టి, చేతికొచ్చిన ఎం.కామ్. సీటు వద్దనుకుని, కడపకు పోయి రాజనీతి శాస్త్రం ఎం.ఏ.లో చేరినవాణ్ణి ఇప్పటిదాకా నేనొక్కణ్ణే. అంతకుముందు మా వీధిలో తెలివితక్కువ పనులు జరగలేదని కాదు. ఒకాయన సగం ధరకు వస్తున్నాయని లారీడు ఉన్ని శాలువలు దించుకున్నాడు, అదీ మార్చి నెలలో. ఇంకొకాయన బావమరిదికి గల్లాపెట్టె తాళం ఇచ్చాడు. అయితే శాలువలకు ఎప్పుడో ఒక చలికాలం వస్తుంది. బావమరిది ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. దేశాలు ఒకదానితో ఒకటి ఎందుకలా నడుచుకుంటాయో చెప్పే సిద్ధాంతాలకు మాత్రం మా వీధిలో సీజన్ అంటూ లేదు. ఆ లెక్కన రికార్డు నాదే. బద్దలుకొట్టే మొనగాడు ఇంకా రాలేదు.

ఎందుకు చేరావంటే చెప్పడానికి నా దగ్గర ఒక కారణం ఉంది. ఎక్కడో పేరు పలకడం రాని చోట యుద్ధం మొదలైతే, సూరత్ నుంచి మాకు వచ్చే చీర ధర ఎందుకు పెరుగుతుంది? టోకు వ్యాపారిని అడిగితే "పైనుంచే పెరిగిందప్పా" అనేవాడు. ఆ పైన ఎవరున్నారో చూద్దామనుకున్నాను.

మా అంగడి అంటే అమ్మే. నాన్న బట్టల మూటతో డోన్, పత్తికొండ సంతలు తిరిగేవాడు. గల్లా దగ్గర కూర్చునేది, తాన్లు దించేది, బేరమాడేది అమ్మ. నేను ఎం.ఏ. సంగతి ఎత్తినప్పుడు ఆమె జాకెట్టు గుడ్డలు మడత పెడుతోంది.

"ఆ సదువుకు ఏమొస్తాదిరా?"

"కాలేజీలో పాఠాలు చెప్పచ్చుమా."

"ఏమని సెప్తావు?"

"దేశాలు ఎందుకు కొట్లాడుకుంటాయో."

"దానికి యేండ్లకేండ్లు సదవల్లనా? పక్కంగడాయన్ని అడుగు. తమ్మునితో ఎందుకు మాట్లాడ్డో పూటలో సెప్తాడు."

నాకు కావలసింది రెండేళ్లు. పీహెచ్.డి. కూడా కలిపి అయిదేళ్లు అడిగాను. పెంచి చెప్పి తగ్గడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఆ విద్య నాకు నేర్పింది ఎవరో మరిచిపోయాను. అమ్మ ఒక సంవత్సరం దగ్గర పట్టింది.

"ఒగ సంవచ్చరం ఇస్తా. ఫస్టు క్లాసు వచ్చిందా, రెండోది గూడా సదువుకో. రాలేదా, వచ్చి ఈడ కూసో. నా మెడ పట్టేస్తాంది, పై అరల్లో తాన్లు దించలేకుండా."

సరే అన్నాను. నా చదువు మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది.

కడపలో మా పీజీ కాలేజీ ఊరికి కొంచెం అవతల ఉండేది. సిద్ధాంతాల పేపరు చెప్పే సార్ సన్నగా ఉండేవాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మా ముఖాలు చూసి తెలుగులోకి దిగేవాడు. మొదటి రోజు ఆయన అడిగింది ఒకటే.

"మీ పక్కింటాయన మీ స్థలంలోకి జరిగి గోడ కట్టినాడనుకోండి. ఎవరికి చెప్తారు?"

పోలీసులకు అన్నాం. పంచాయతీకి అన్నాం. కోర్టుకు అన్నాం.

"దేశం స్థలంలోకి దేశం జరిగి గోడ కడితే?"

సార్ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఒక అడ్డగీత గీశాడు.

"అదే మన పేపరు," అన్నాడు.

పుస్తకాల్లో దాన్ని అరాచకం అంటారు. అల్లర్లని కాదు, పైన అడిగే నాథుడు లేడని అర్థం. నాథుడు లేనిచోట ఎవరి బలం వారు చూసుకోవలసిందేననేది వాస్తవికవాదం. అది వింటుంటే నాకు మా వీధి వాసన వచ్చింది. చెయ్యెత్తి మా బొమ్మల సంగతి చెప్పాను. ఎదురంగడివాళ్లు బయట ఒక బొమ్మకు చీర కట్టి నిలబెట్టారు. మేం భయపడి రెండు పెట్టాం. మా రెండింటిని చూసి వాళ్లు మూడు పెట్టారు. చివరికి రెండు అరుగుల మీదా బొమ్మలు నిండిపోయి, లోపలికి రావడానికి మనుషులకు దారి లేకపోయింది. ఎవరికీ ఎవరినీ ముంచాలని లేదు. వ్యాపారం మాత్రం ఇద్దరికీ మునిగింది.

సార్ నవ్వి, "భద్రతా సందిగ్ధం అంటే ఇదే, రాసుకోండి," అన్నాడు. మా బొమ్మలు నలభై మంది నోట్సుల్లోకి ఎక్కాయి. ఆ రోజు నుంచి నేను వాస్తవికవాదిని. ఈ సిద్ధాంతం నాకు కొత్తగా నేర్పేదేమీ లేదని, నాకు ముందే తెలిసినదాన్ని ఇంగ్లీషులో పెడుతోందని అనుకున్నాను. ఇచ్చిపుచ్చుకుంటే దేశాలకు కొట్లాడే తీరిక ఉండదనే ఉదారవాదాన్ని కొంచెం ఓపిగ్గానే విన్నాను. మూడోది నిర్మాణవాదం. నాథుడు లేకపోవడానికి తనంతట తనకు ఏ అర్థమూ లేదట. ఒకరితో ఒకరు నడుచుకుంటూ పోయే కొద్దీ ఆ అర్థాన్ని దేశాలే తయారు చేసుకుంటాయట. ఇది కౌంటర్ మీదికి తీసినా కదలని సరుకు అనిపించింది. పరీక్షకు ఛాయిస్‌లో వదిలేశాను.

ఇక్కడ మా అంగడి మెట్ల గురించి చెప్పాలి. కడప బండలతో కట్టిన మూడు మెట్లు. కొనడానికి వచ్చినావిడ తన ధర చెబుతుంది, అమ్మ కాదంటుంది, ఆవిడ లేచి మెట్లు దిగుతుంది. మొదటి మెట్టు మీద ఉన్నప్పుడు అమ్మ అటు చూడదు. రెండో మెట్టు మీద చీర మడత పెట్టడం మొదలుపెడుతుంది. ఆవిడ కాలు రోడ్డు మీద పడగానే, "రాక్కా, రా. బోణీ బేరం, నీ మాట ఎందుకు తీసేయల్ల," అని పిలుస్తుంది. పిలిచినందుకు అమ్మకు చిన్నతనం లేదు, తిరిగొచ్చినందుకు ఆవిడకూ లేదు. అమ్మ పిలవలేదంటే ఆ ధర నిజంగా గిట్టదని అర్థం. పిలవకుండా ఎవరైనా తమంతట తాము తిరిగొస్తే, ఇక అమ్మ చెప్పిందే ధర. ఈ చట్టం ఏ గోడ మీదా రాసి లేదు. మా వీధికి వచ్చేవాళ్లందరికీ తెలుసు.

సెమినార్ మార్కులకు సార్ వ్యాసం అడగలేదు. రెండు ఊహా దేశాలు, మధ్యలో ఒక నది అన్నాడు. పై దేశానికి ఆనకట్ట ఉంది, కింది దేశానికి పొలాలున్నాయి. వానలు తప్పిన ఏడాది నీళ్లెలా పంచుకోవాలో ఇద్దరిద్దరుగా కూర్చుని, క్లాసు అయ్యేలోపు ఒప్పందం రాసి సంతకం పెట్టాలి. కుదరకపోతే ఇద్దరికీ సున్నా. మా జిల్లాల పిల్లలం కాబట్టి ఇందులో మేము ఊహించుకోవలసింది దేశాలను మాత్రమే.

నాకు పై దేశం వచ్చింది. కింది దేశానికి రాయచోటి దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చిన అమ్మాయి. వాళ్లది తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం, నాన్న సంఘ పెద్ద. ఆ అమ్మాయి మాట్లాడితే పొల్లు ఉండదు. కూర్చోగానే చెప్పేసింది.

"విత్తనం పడే నెలల్లో నీళ్లు సగం మాకియ్యి. మిగతా నెలలు నీ ఇష్టం."

మంచి ధర. ఎంతదాకా దిగవచ్చో సార్ ఎవరికి వారికి విడిగా రాసిచ్చాడు. నా కాగితం ప్రకారం నేను ఇంకా ఎక్కువే ఇవ్వవచ్చు. కానీ మొదటి మాటకే ఒప్పుకునే పాపం మా వంశంలో ఎవరూ చేయలేదు. నాలుగో వంతు అన్నాను. ఆమె మళ్లీ సగం అంది. మూడో వంతుకు వచ్చాను. ఆమె సగం దగ్గరే కూర్చుంది. ఇలాంటప్పుడు చేయవలసింది ఏమిటో నా కాళ్లకు తెలుసు.

"ఇది కుదిరే పని కాదు. ఈ మాట మా దేశానికి పోయి చెప్పుకోడానికే నాకు సిగ్గు. నేను పోతున్నా," అని లేచి బయటికి నడిచాను.

వరండాలో నీళ్ల కొళాయి దగ్గర నిలబడ్డాను. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. వస్తోందనుకుని, ఇష్టంలేనివాడిలా ముఖం సర్దుకున్నాను. ఆమె ఫ్యాను కిందికి జరిగి కూర్చుందని తర్వాత తెలిసింది. ఎవరూ రాలేదు. ఒకసారి దగ్గాను. కొళాయి తిప్పి, కట్టేసి, మళ్లీ తిప్పాను. బెల్లు కొట్టారు.

లోపలికి పోయేసరికి 'పై దేశ ప్రతినిధి చర్చలు వదిలి వెళ్లిపోయారు' అని రాసి, కింద సంతకం పెట్టి ఉంది.

"ఎందుకు పిలవలేదు?" అన్నాను.

"నువ్వు యాడికి పోయినావో నాకేం తెలుసు?"

"బయటే ఉన్నా. కొళాయి కాడ."

"నీళ్లు అడిగింది నేనైతే కొళాయి కాడికి పోయింది నువ్వా?"

"బేరంలో లేచిపోయినోన్ని పిలవాల గదబ్బా."

"కోపం జేసుకుని పొయ్యేటోన్ని ఎవురన్నా పిలుచ్చారా? మా ఊర్లో అట్ల పిలిచ్చే కొట్లాటకొచ్చారు."

వాళ్ల ఊళ్లో చేను గట్ల తగాదాలు, కూలి తగాదాలు ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో తేల్చుకుంటారట. ఎవరైనా మధ్యలో లేచిపోతే మనసు నొచ్చుకున్నాడని అర్థం. నలుగురి ముందు వెనక్కి పిలవడం అంటే వాణ్ణి ఇంకా చులకన చేయడం. పోనిస్తారు. మర్నాడు ఇద్దరు పెద్దలు వాళ్లింటికి పోయి, ఇచ్చిన నీళ్లు తాగి, మాట మళ్లీ మొదలుపెడతారు. వాళ్ల నాన్న చాలామంది ఇళ్లకు అలా పోయాడట.

"రేపు మీ హాస్టలు కాడికి వచ్చి మాట్లాడదామనుకుంటి. తోడుకు క్లాసు లీడర్ని గూడా రమ్మని అడిగినా," అంది. ఆమె వేళాకోళం చేయడం లేదు. నేను కొళాయి తిప్పుకుంటున్న సమయంలో ఆమె పెద్దమనిషిని మాట్లాడిపెట్టింది.

సార్ మా కాగితం చూసి ఇద్దరికీ సున్నా వేశాడు. నా ఫస్ట్ క్లాసు అక్కడే ఊగడం మొదలైంది. స్టాఫ్ రూముకు పోయి బతిమాలాను. బేరం అని కూడా అనవచ్చు. ఆయన నా మాట మధ్యలోనే ఆపాడు.

"ఇద్దరూ కలిసి ఒకటే వ్యాసం రాయండి. నిన్ను పిలుస్తారని నువ్వు ఎందుకనుకున్నావు, ఆ అమ్మాయి ఎందుకు పిలవలేదు. బాగుంటే సగం మార్కులిస్తా. సగానికి పైన అడగొద్దు."

క్యాంటీన్‌లో కూర్చుని వారం రోజులు రాశాం. రాసిన సమయం కంటే కొట్లాడిన సమయం ఎక్కువ. మా మెట్లు ముందు రావాలని నేను, వాళ్ల వరండా ముందు రావాలని ఆమె. నేను ఛాయిస్‌లో వదిలేసిన మూడో సిద్ధాంతాన్ని ఆమె టీ చల్లారేదాకా వివరించింది. మా వీధిలో నాథుడు లేడని గర్వంగా చెప్పుకున్నాను గానీ, ఏ మెట్టు మీద ఏం చేయాలో అందరికీ తెలిసిన చోటు అది. వాళ్ల వరండాలోనూ అంతే. లేచిపోవడం రెండుచోట్లా ఒకటే పని. మా దగ్గర 'పిలువు' అని దాని అర్థం, వాళ్ల దగ్గర 'ఈ పూటకు వదిలెయ్' అని. బలాబలాలు ఎన్ని లెక్కవేసినా ఈ తేడా బయటపడదు. రెండు దేశాల సైన్యాలు ఎదురెదురుగా కదిలినప్పుడు, ఒకరు బెదిరింపు అనుకునేది ఇంకొకరి దృష్టిలో జాగ్రత్త కావచ్చునని ఆమె రాసింది. అది వ్యాసంలో అన్నిటికన్నా మంచి పేరా. నాది కాకపోవడం అప్పట్లో బాధించింది.

వ్యాసం చివర సార్ ఎర్రసిరాతో రెండు వాక్యాలు రాశాడు. 'అర్థాల గురించి బాగా రాశారు. ఆనకట్ట ఎవరి దగ్గరుందో మరిచిపోయారు.'

మొదట ఏదో ఒక వంక పెట్టడానికి రాశాడనుకున్నాను. కర్నూలు బస్సులో, మైదుకూరు దాటాక, చేతిలో ఆ కాగితం ఉండగా అర్థమైంది. నేను లేచిపోగలిగింది నీళ్లు నా వైపు ఉన్నాయి కాబట్టి. ఒప్పందం లేకపోతే నా దేశానికి పోయేదేమీ లేదు, ఆమె పొలాలు ఎండుతాయి. మా అంగట్లోనూ అందరూ మెట్లు దిగరు. ఊరికి పోయే ఆఖరి బస్సుకు టైమైనవాళ్లు దిగరు. మర్నాడు పెళ్లి పెట్టుకుని చీర కోసం వచ్చినవాళ్లు దిగరు. సంచి చూసి, చెప్పుల దుమ్ము చూసి, మాటిమాటికీ వీధి వైపు చూసే చూపు చూసి, ఎవరికి బస్సు టైమైందో కనిపెట్టడం నాకు చిన్నప్పటి నుంచి వచ్చు. వాళ్ల దగ్గర మేము ధర దిగం. ఇంతకాలం దాన్ని తెలివి అనుకున్నాను. వాస్తవికవాదం నాకు సులభంగా ఎక్కిందంటే కారణం వేరే ఏమీ కాదు, నేనెప్పుడూ గల్లా వైపు కూర్చుని ఉండటమే.

సగం మార్కులు వచ్చాయి. ఆ సగం సరిపోలేదు. ఫస్ట్ క్లాసు అంచుదాకా పోయి ఆగింది. మే నెలలో ఇంటికొచ్చి, మధ్యాహ్నం ఎండకు వీధిలో ఎవరూ లేని సమయం చూసుకుని అమ్మకు చెప్పాను. సెమినార్ కథ మొత్తం చెప్పాను. కొళాయి దగ్గర దగ్గిన భాగానికి ఆమె నవ్వింది. నవ్వించి ధర తగ్గించుకోవచ్చనే నా ఎత్తు పారిందనుకున్నాను.

"కొంచెంలో పోయిందిమా. రెండో సంవత్సరంలో కలిపి చూస్తే వచ్చేస్తాది."

"కలిపి సూసేమాట మనం అనుకోలేదే?"

"ఒక్క సంవత్సరం."

"నేనిచ్చిందీ ఒగటే."

"సగంలో వదిలితే ఇదీ ఉండదు, ఎం.కామూ ఉండదు. చినిగిన గుడ్డకు ధర ఉంటాదా?"

"తుడుసుకునేదానికి పనికొస్తాది," అంది అమ్మ, జాకెట్టు గుడ్డల వైపు తిరిగి.

అప్పుడు నా కాళ్లు మళ్లీ పని చేశాయి. "సరే. నేనే ఏదో ఒక పని చూసుకుని చదువుకుంటా," అని లేచి మెట్లు దిగాను. మొదటి మెట్టు. రెండోది. వెనక గుడ్డ మడత పెట్టిన చప్పుడు వినిపించింది. అంటే లెక్క సరిగ్గానే నడుస్తోంది. రోడ్డు మీద కాలు పెట్టాను. బండ కాలుతోంది. పాత్రల అంగడి దాటాను. గాజుల అంగడి దాటాను. చెరుకురసం బండి దాకా పోయాను.

పిలుపు రాలేదు.

చెరుకురసం బండి నీడలో నిలబడి ఆలోచించాను. మా మెట్ల చట్టం ప్రకారం, నా ధర నిజంగానే గిట్టదని అర్థం. లేదా అమ్మ నేను నిజంగా వెళ్లిపోయాననుకుని నొచ్చుకుంది. ఒకే నిశ్శబ్దానికి రెండు అర్థాలు. దీని మీద నేను వ్యాసం రాశాను, సగం మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఏది నిజమో మాత్రం తెలియలేదు. తెలుసుకోవాలంటే తిరిగి పోయి అడగడం ఒక్కటే దారి. పోతే ఇక ఆమె చెప్పిందే ధర. పోయాను.

అమ్మ గల్లా దగ్గర లేదు. పై అర ముందు నిలబడి, మెడ ఎత్తలేక, రెండడుగులు వెనక్కి జరిగి చూస్తోంది. పక్క స్టూలు మీద టిఫిన్ డబ్బా మూత తీసి ఉంది, సగం తిన్న అన్నం.

"ఎందుకు పిలవలేదుమా?"

"పిలుద్దామనే అనుకున్న్యా. పొయ్యేటోన్ని పిలిస్తే చులకన చేసినట్లని ఆ రాయచోటి పిల్ల అనె అంటివి గదా," అంది. ముఖంలో ఏమీ లేదు. నేనెవరి కొడుకునో నాకు అంత బాగా అర్థమైన రోజు ఇంకొకటి లేదు.

నేను డబ్బా పక్కకు పెట్టి, స్టూలెక్కి, ఆమె చూస్తున్న తాను దించాను.

"నీ అంతట నువ్వే తిరిగొచ్చినావు," అంది.

"వచ్చినా."

"అయితే నా ధర విను. రెండో సంవచ్చరం సదువుకో. శనివారం, ఆదివారం, సెలవులు, పండగలు ఈడ ఉండల్ల. డోన్ సంతకు మీ నాయన బదులు నువ్వు పోవల్ల. అయిదేండ్ల మాట, ఆ పెద్ద సదువు మాట మళ్లా ఎత్తగూడదు."

నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు చూసింది. మూసుకున్నాను.

రెండో సంవత్సరం శుక్రవారం సాయంత్రం కడపలో బస్సెక్కి, సోమవారం పొద్దున మళ్లీ క్లాసులో ఉండేవాణ్ణి. డోన్ సంతలో పరదా కింద కూర్చుని చదివిన పేజీల్లో టవళ్ల నూగు ఇప్పటికీ ఉంది. ఆ రాయచోటి అమ్మాయి ఫస్ట్ క్లాసులో పాసై, ఇప్పుడు రాయచోటిలోనే పాఠాలు చెబుతోంది. ఏడాదికోసారి కర్నూలు వస్తే మా అంగడికి వచ్చి, అమ్మ చెప్పిన మొదటి ధరకే చీర తీసుకుంటుంది. అమ్మకు అది నచ్చదు. బేరమాడకుండా పోయిన మనిషి గురించి సాయంత్రం దాకా అనుమానపడుతుంది.

ఇక బిల్లు. వచ్చినవి ముందు రాస్తాను, అది మా అలవాటు. సెకండ్ క్లాసులో ఎం.ఏ. పొద్దుటిపూట ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు, మా బొమ్మల కథతో సహా. చీర ధర ఎందుకు పెరిగిందో ఎవరైనా అడిగితే, వాళ్లు విసుక్కునేదాకా చెప్పగల శక్తి. బస్సుకు టైమైనవాళ్లను చూసినప్పుడు కొంచెం ముందుగా ధర దిగడం, అది కూడా అమ్మ గల్లా దగ్గర లేనప్పుడు మాత్రమే.

పోయినవి: రెండో సంవత్సరం సెలవులన్నీ, ఫస్ట్ క్లాసు, పీహెచ్.డి. అనే మాట. వీటిని నా ధరగానే చెప్పుకుంటూ వచ్చాను. అది నిజం కాదు. ఆ ఏడాది సోమవారం నుంచి శుక్రవారం దాకా పై అరల కింద అమ్మ ఒక్కతే ఉంది. ఇప్పుడు మెడకు పట్టీ ఉంది. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మొత్తం మనిషి తిరుగుతుంది. సగం తిని వదిలేసిన టిఫిన్ డబ్బా నేను చూసింది ఒక్కరోజే, చూడనివి మిగిలిన రోజులన్నీ. బేరమాడింది నేను, గెలిచింది అమ్మ అని మా వీధి అంతా అంటుంది. బిల్లు కట్టింది కూడా ఆమే.